గ్రంథులూ, బాధ్యతా

కన్యాశుల్కం పాఠం జరుగుతున్నది. అగ్నిహోత్రావధాన్లు కోపం గురించి మాట్లాడుతున్నాను. పెద్ద కూతురు బుచ్చమ్మ వితంతువై కళ్లెదుట తిరుగుతూనే ఉన్నది. అయినా చిన్న కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు అమ్మడానికి సిద్ధపడతాడు. వద్దని మొత్తుకున్న భార్య మీద మండిపడతాడు. ఇంతలో వెనక బల్లనుంచి ఒక విద్యార్థి లేచాడు.

"అతణ్ణి తప్పుపట్టి ఏం లాభం మాస్టారూ? కోపం అడ్రినల్ గ్రంథి పని. గ్రంథి చేసిన పనికి మనిషేం చేస్తాడు?"

తరగతి నవ్వింది. నేనూ నవ్వాను. కాని ఇంటికి వెళ్లాక ఆ ప్రశ్న నన్ను వదలలేదు. మన తాతలు అంతా నుదుటి రాత అన్నారు. ఈ కుర్రవాడు అంతా గ్రంథుల రాత అంటున్నాడు. రెంటికీ భేదమేమిటి?

ప్రశ్నను కొట్టిపారెయ్యడం తేలిక. ముందు శాస్త్రం చెప్పేది విందాం. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక కుక్క పేగు ముక్కకు ఉన్న నరాలన్నిటినీ తెంచి, ఆ పేగులో ఆమ్లం పోశారు. నరాల సంబంధం తెగినా క్లోమం తన రసాన్ని స్రవించింది. అంటే వార్త నరాలగుండా కాక రక్తంగుండా వెళ్లింది. అలాంటి వార్తాహర ద్రవ్యాలకు 1905లో స్టార్లింగ్ హార్మోన్లు అని పేరు పెట్టాడు. పిట్యూటరీ, థైరాయిడ్, అడ్రినల్ వంటి గ్రంథులు ఈ ద్రవ్యాలను నాళాలతో పని లేకుండా నేరుగా రక్తంలోకి వదులుతాయి. అందుకే వాటిని వినాళ గ్రంథులంటాం.

ఇవి మనస్సును తాకవా? తాకుతాయి. థైరాయిడ్ స్రావం బాగా తగ్గిన మనిషి మందకొడి అవుతాడు. నిద్రమత్తు, మతిమరుపు, నిరుత్సాహం అతణ్ణి ఆవరిస్తాయి. ఇంట్లోవాళ్లు సోమరిపోతు అంటారు. నిజానికి అతనికి కావలసింది నీతిబోధ కాదు, మందు. ఆత్మ వేరు, దేహం వేరు అని చెప్పే భావవాదులకు ఇక్కడ జవాబు లేదు. భౌతికవాదులమైన మనం ఈ సత్యానికి జంకనక్కరలేదు.

అయితే ఈ సత్యాన్ని పట్టుకొని ఇంకో గోతిలో పడేవాళ్లున్నారు. 1921లో న్యూయార్క్ వైద్యుడు లూయీ బెర్మన్, మనిషి వ్యక్తిత్వాన్ని గ్రంథులే నియంత్రిస్తాయని ఒక పుస్తకం రాశాడు. ఒక్కొక్క గ్రంథి ప్రాబల్యాన్ని బట్టి మనుషులను తరగతులుగా విడదీశాడు. ఇది జాతకచక్రానికి ప్రయోగశాల దుస్తులు తొడగడమే. గ్రహాల స్థానంలో గ్రంథులు వచ్చాయి, అంతే. మన గతితార్కిక దృష్టికీ యాంత్రిక భౌతికవాదానికీ దారులు చీలేది ఇక్కడే. యాంత్రికవాది కారణాల గొలుసును గ్రంథి దగ్గర తెంచేస్తాడు. ఆ గ్రంథిని అలా చేసినదేమిటి అని అడగడు.

అడిగినవాళ్లున్నారు. హిమాలయ పాదాల దగ్గరి కాంగ్రా లోయలో మెడ కింద కాయలాగా వాపు వచ్చే గాయిటర్ వ్యాధి తరతరాలుగా ఉన్నది. ఎత్తయిన కొండ ప్రాంతాల్లో వానలూ మంచూ మట్టిలోని అయొడిన్‌ను కడిగేస్తాయి. మట్టిలో లేనిది పంటలో ఉండదు, పంటలో లేనిది ఒంట్లో ఉండదు. థైరాయిడ్ హార్మోను తయారీకి అయొడిన్ ముడిసరుకు. హార్మోను తగ్గిందని గ్రహించిన పిట్యూటరీ, ఇంకా పనిచెయ్యమని థైరాయిడ్‌ను పురికొల్పుతుంది. ముడిసరుకు లేని గ్రంథి రెట్టింపు చాకిరీ చేసి, చేసి, ఉబ్బిపోతుంది. చూసేవాళ్లకు అది మనిషి మెడలోని దోషం. కాని ఆ దోషం పుట్టిన చోటు అతను నిలబడిన నేలలో ఉన్నది. గర్భిణికి ఈ కొరత తీవ్రమైతే, బిడ్డ మెదడు ఎదుగుదలే దెబ్బతింటుంది. అలా పుట్టిన బిడ్డను చూసి ఊరు పూర్వజన్మ పాపమంటే, బెర్మన్ బాపతు మనిషి గ్రంథి స్వభావమంటాడు.

1956లో ఆ లోయలో ఒక ప్రయోగం మొదలైంది. దానికి నాయకత్వం వహించిన వులిమిరి రామలింగస్వామి మన శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నంలో వైద్యం చదివినవాడు. లోయను మూడు భాగాలు చేశారు. రెండింటికి అయొడిన్ కలిపిన ఉప్పు, మూడో దానికి మామూలు ఉప్పు. 1962 నాటికి మొదటి రెండు భాగాల్లో వ్యాధి గణనీయంగా తగ్గింది. మూడో భాగంలో తగ్గలేదు. తరువాత ఆ భాగానికీ అయొడిన్ ఉప్పు అందించారు, అక్కడా తగ్గింది. 1962లోనే ప్రభుత్వం జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం ప్రారంభించింది. ఒక మనిషికి రోజుకు కావలసిన అయొడిన్ సుమారు 150 మైక్రోగ్రాములు. ఆయుర్దాయమంతటికీ కలిపినా ఒక చెంచాడు కాదు. తరతరాల నుదుటి రాత చిటికెడు ఉప్పుతో చెరిగిపోయింది.

ఆ మూడో భాగం జనం ఆరేళ్లు మామూలు ఉప్పే తిన్నారని మరిచిపోకూడదు. మనకు దక్కిన జ్ఞానానికి మూల్యం వాళ్ల మెడలు చెల్లించాయి. ఆ బాకీ తీరేది, ఆ జ్ఞానం ప్రతి పేదవాడి వంటింటికీ చేరినప్పుడే.

ఇదే నేను చెప్పదలచిన మాట. బాధ్యత జ్ఞానంతో పుడుతుంది. కారణం తెలియనంతకాలం వ్యాధి విధి అనిపిస్తుంది. కారణం తెలిసి, నివారణ చేతికొచ్చిన మరునాటినుంచి అది విధి కాదు. ఎవరో చెయ్యవలసింది చెయ్యకపోవడం. 1921-22లో టొరాంటోలో ఇన్సులిన్ కనిపెట్టినప్పుడు అంతవరకూ చావు తప్పని మధుమేహ పిల్లలు బతికారు. కనిపెట్టినవాళ్లు పేటెంటు హక్కును విశ్వవిద్యాలయానికి నామమాత్రపు ఒక్క డాలరుకు ఇచ్చేశారు. అయినా వందేళ్ల తరువాత, అమెరికా అంతటి సంపన్న దేశంలోనే ధర భరించలేక మోతాదు తగ్గించుకున్న రోగులున్నారు. వాళ్ల కష్టానికి క్లోమాన్ని మాత్రమే తప్పుపడదామా? క్లోమం చెయ్యలేని పని సీసాలో ఉన్నది. సీసాకూ రోగికీ నడుమ నిలబడింది లాభం.

ఇక అగ్నిహోత్రావధాన్లు దగ్గరికి వద్దాం. కోపం వచ్చినప్పుడు అడ్రినల్ గ్రంథి స్రవిస్తుంది, గుండె వేగం పెరుగుతుంది, కాలేయం రక్తంలోకి చక్కెర వదులుతుంది. ఇదంతా నిజమే. కాని ఆ కోపం భార్య మీదికే ఎందుకు దూకింది? కూతురికి వెల కట్టే ఆచారం మీదికి ఎందుకు దూకలేదు? గ్రంథికి ఉద్రేకించడం తెలుసు, ఎవరి మీద ఉద్రేకించాలో తెలియదు. అది నేర్పింది అగ్రహారం. ఇంట్లో ఆడదానిమీద కోపం చెల్లుతుందని, చెల్లుబాటయ్యే చోటే కోపం చూపాలని నేర్పింది ఆ సమాజం. అలా నేర్పారు గనుక అతని తప్పు లేదంటామా? ఆ నేర్పిన పాఠాన్నే వెంకమ్మ ధిక్కరించింది. వద్దు అన్న మాట ఆ ఇంట్లోనే, ఎదురుగానే వినిపించింది. విని కూడా చెవిన పెట్టనివాడికి గ్రంథీ సాక్ష్యం చెప్పదు, అగ్రహారమూ జామీను ఇవ్వదు.

మర్నాడు తరగతిలో ఆ విద్యార్థికి ఇదే చెప్పాను. అతను కాసేపు ఆలోచించి, "అయితే కోపం తప్పు కాదన్నమాట" అన్నాడు.

కాదన్నాను. కాంగ్రా లోయ సంగతి విన్న నీ గుండె ఇప్పుడు కొంచెం వేగంగా కొట్టుకుంటున్నదేమో చూసుకో. అదీ ఆ గ్రంథి పనే. ఆ వేగాన్ని ఎటు మళ్లిస్తావన్నది మాత్రం గ్రంథిని అడగకు. అది నువ్వు జవాబు చెప్పుకోవలసిన ప్రశ్న.