పంజరంలో తల్లి చిలుక – మన మైత్రి ఏపాటిది?



ఈ చిన్న పుస్తకాన్ని మీరు జనగామలోనో, మానుకోటలోనో, భూపాలపల్లి సింగరేణి క్వార్టర్లలోనో కూర్చుని చదువుతున్నారనుకుందాం. మీ వసారాలో ఒక పంజరం, అందులో ఒక రామచిలుక ఉన్నాయనుకుందాం. మీ ఇంట్లో లేకపోతే పక్కింట్లో ఉండొచ్చు. కళ్ళు తెరవని పిల్లగా వచ్చింది, ఐదారేళ్ళయింది. మెడ చుట్టూ ఎర్ర గీత రాలేదు. "ఇంకా చిన్నది, వస్తది తియ్" అనుకుంటూ రాము అని పిలుచుకుంటున్నారు. మాఘమాసంలో ఒకరోజు పొద్దున పంజరం మీది గుడ్డ తీస్తే రాము పుల్ల మీద లేదు. అడుగున ఒక మూలకు కూర్చుని ఉంది. ఈకలన్నీ ఉబ్బించుకుంది. కళ్ళు సగం మూసింది. ఊపిరి తీసినప్పుడల్లా తోక కిందికీ మీదికీ ఊగుతోంది. పిలిస్తే పలకలేదు, జామకాయ ముక్క ముట్టలేదు.

రాము మగది కాదు. ఎర్ర గీత మగ చిలుకకే వస్తుంది, అదీ రెండు మూడేళ్ళు నిండాక. అంటే ఇన్నేళ్ళుగా మీరు పెంచుతున్నది ఆడ చిలుకను. దాని కడుపులో గుడ్డు అడ్డం పడి ఉండొచ్చు. జోడీ లేకుండా గుడ్డెట్లా వస్తదని అడుగుతారు. ఫారంలో కోళ్ళు పుంజు లేకుండానే గుడ్లు పెడుతున్నాయి కదా, ఇదీ అంతే. చలికాలం చివర్లో చిలుకలు తొర్రలు వెతుక్కునే రోజులు మొదలవుతాయి. పంజరంలో ఒక చీకటి మూల, కడుపునిండా గింజలు, రాత్రి పది దాకా ట్యూబులైటు, వీపు మీద రోజూ నిమిరే చెయ్యి దొరికితే చాలు, దాని ఒళ్ళు కాలం వచ్చిందనుకుంటుంది.

ధమ్మం మాట తర్వాత. ముందు పక్షి సంగతి చూడాలి, ఎందుకంటే ఈ బాధలో ఒక్క రోజు ఆలస్యమైనా అది చనిపోవచ్చు.

దాన్ని సందడి లేని చోట పెట్టండి. పంజరానికి మూడు వైపులా గుడ్డ కప్పి, నాలుగో వైపు కొంచెం దూరంగా పాతకాలం వేడి బల్బు ఒకటి వెలిగించండి. లోపల సుమారు 30 డిగ్రీల వేడి ఉండాలి. వేడెక్కువైతే పక్కకు జరగడానికి దానికి చోటుండాలి. దానికి అందకుండా పక్కన వేడినీళ్ళ గిన్నె పెడితే గాలిలో చెమ్మ ఉంటుంది. పొట్ట నొక్కకండి. నూనె రాసి గుడ్డును లాగాలని చూడకండి. లోపల గుడ్డు పగిలితే పెంకు ముక్కలు కోసుకుపోతాయి, పుండు పడి చీము పడుతుంది. ముక్కు తెరిచి నీళ్ళు గాని కషాయం గాని పోయకండి, ఊపిరిగొట్టంలోకి పోతుంది. ఇదంతా డాక్టరు దగ్గరికి చేరేదాకా చేసే సాయమే, వైద్యం కాదు. డాక్టరు కాల్షియం సూది వేస్తారు. అవసరమైతే గుడ్డులోని సొన సూదితో తీసి గుడ్డును చిన్నది చేస్తారు. మీ దగ్గరి పశువైద్యశాలకు ఫోన్ చేసి, పక్షిని చూస్తారా అని అడగండి. అక్కడ కాకపోతే వరంగల్ దగ్గర మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. జనగామ, మానుకోట, భూపాలపల్లి మూడింటికీ వరంగల్ అటూ ఇటూగా 60, 70 కిలోమీటర్లే.

ఇక్కడే కాలు ఆగుతుంది. ఆగేది డబ్బుల గురించి కాదు, బస్సు గురించీ కాదు. "తీసుకపోతే ఫారెస్టోళ్ళకు తెలుస్తదేమో" అని. ఆ భయం ఉత్తది కూడా కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పట్టడం, అమ్మడం, కొనడం, పెంచడం నేరం. 2022లో చట్టాన్ని సవరించాక అది రెండో షెడ్యూలులో ఉంది. కాబట్టి ఇంట్లో ఇద్దరు పెద్దలు కూర్చుని, రేపటికి అదే పెడుతది లే అని ఒకరికొకరు చెప్పుకుంటారు. పిల్లలు ఏడుస్తుంటారు. పంజరం మూలకు ఆ పక్షి ముక్కుతూనే ఉంటుంది.

మీరు దాన్ని ప్రేమించలేదని నేను అనను. ప్రేమించారు. అయితే ఆ ప్రేమ ఏమిటన్నది ఈ పొద్దున తేలుతుంది.

ఆచార్య బుద్ధఘోషుడు విశుద్ధిమగ్గం తొమ్మిదో అధ్యాయంలో మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్షల గురించి రాస్తూ, ఒక్కోదానికి ఇద్దరు శత్రువులుంటారని చెప్పాడు. ఒకడు దూరపు శత్రువు, ఒకడు దగ్గరి శత్రువు. మైత్రికి ద్వేషం దూరపు శత్రువు. అది కనబడుతుంది, జాగ్రత్త పడొచ్చు. దగ్గరి శత్రువు రాగం. చూడడానికి అచ్చం మైత్రిలాగే ఉంటుంది. ముద్దు చేస్తుంది, పేరు పెట్టి పిలుస్తుంది, తినబెడుతుంది. రెండింటికీ తేడా ఎక్కడంటే, మైత్రి ఎదుటి ప్రాణికి ఏది మేలో అడుగుతుంది. రాగం ఇది నా దగ్గర ఉండాలంటుంది. అదే చోట ఆయన కరుణకు దగ్గరి శత్రువు దుఃఖమని, ఉపేక్షకు దగ్గరి శత్రువు తెలివిలేని ఉదాసీనత అని చెప్పాడు. మన వసారాలో ఈ ముగ్గురూ ఉన్నారు. ముద్దు చేసిన చెయ్యి ఉంది. పంజరం ముందు కూర్చుని ఏడ్వడమే తప్ప ఆటో పిలవని ఏడుపు ఉంది. "దాని ఖర్మ, మనమేం చేస్తం" అనే ముసలాయన ఉన్నాడు.

ముసలాయన మాట గురించి కొంచెం ఆగుదాం, ఎందుకంటే చాలామంది ఆ మాటను బుద్ధుడి మాటే అనుకుంటారు. సంయుత్త నికాయంలో సీవకుడనే పరివ్రాజకుడు ఇదే అడిగాడు: మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ వెనకటి కర్మవల్లేనని కొందరంటారు, మీరేమంటారు? తథాగతుడు ఒప్పుకోలేదు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఈ మూడూ కలిసి ముదరడం, ఋతువు మారడం, సరిగ్గా చూసుకోకపోవడం, బయటి దెబ్బ, కర్మ అని ఎనిమిది కారణాలు చెప్పాడు. ఎనిమిదిట్లో కర్మ ఒకటి. మిగిలినవి కళ్ళముందు కనబడేవే. చిలుక విషయంలో ఆరోది చూడండి, సరిగ్గా చూసుకోకపోవడం. గుడ్డు పెంకుకు సున్నం కావాలి. గుడ్డును బయటికి నెట్టే కండకూ సున్నం కావాలి. ఆ సున్నం ఒంటికి పట్టాలంటే ఎండ తగలాలి. మనం ఐదారేళ్ళుగా పొద్దుతిరుగుడు గింజలు, పల్లీలు, పచ్చిమిర్చి పెట్టాం. వాటిలో కొవ్వు, కారం ఉన్నాయి గాని సున్నం పెద్దగా లేదు. పంజరం వసారా నీడలో ఉంది. రెక్క విప్పితే కమ్మీకి తగులుతుంది. ఎగరని పక్షికి కండ ఎక్కడిది? ఈ లెక్కలో ఖర్మను వెతకడానికి ఎక్కడా చోటు లేదు.

వినయపిటకం మహావగ్గంలో ఒక సంఘటన ఉంది. విరేచనాల జబ్బుతో ఒక భిక్షువు తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. బుద్ధుడు, ఆనందుడు విహారంలో నడుస్తూ చూశారు. నిన్ను చూసేవాళ్ళెవరూ లేరా అని అడిగితే లేరన్నాడు. ఎందుకు లేరంటే, నావల్ల భిక్షువులకు ఏ ఉపయోగమూ లేదు, అందుకని అన్నాడు. బుద్ధుడు నీళ్ళు పోస్తుంటే ఆనందుడు కడిగాడు. ఇద్దరూ తలా ఒక పక్క పట్టుకుని ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. ఆ తర్వాత సంఘాన్ని పిలిచి, నాకు సేవ చేయాలనుకునేవాడు రోగికి సేవ చేయాలని చెప్పాడు. ఉపయోగం లేదు అన్న ఆ రోగి మాట నాకు మనసులోంచి పోదు. చిలుక ఉపయోగం ఏమిటి? మాట్లాడడం. చుట్టాలొస్తే నమస్తే అనడం. అది పలకని రోజు మనమేం చేస్తామన్నదే పరీక్ష.

అక్కడే రోగికి సేవ చేసేవాడి గుణాలు ఐదు చెప్పాడు. మందు సిద్ధం చేయగలగాలి. ఏది పడుతుందో, ఏది పడదో తెలిసి, పడనిది తీసేసి పడేది తేవాలి. లాభం కోసం కాక మైత్రితో చేయాలి. మలమూత్రాలకు అసహ్యపడకూడదు. సమయం చూసి ధమ్మం చెప్పి ధైర్యం కలిగించాలి. చివరిది చిలుకకు కుదరదు, మెల్లగా మాట్లాడితే చాలు. రోగికి కూడా గుణాలు చెప్పాడు. అందులో ఒకటి, తన బాధ ఉన్నదున్నట్టు చెప్పడం. చిలుక ఈ ఒక్కటీ చేయలేదు. అడవిలో జబ్బు బయటపెట్టిన పక్షిని డేగ ముందు పట్టుకుంటుంది. అందుకని చివరి ఘడియ దాకా బాగున్నట్టే ఉంటుంది. అది కింద కూర్చున్న రోజుకు జబ్బు ముదిరిపోయిందన్నమాట. కాబట్టి దాని తరఫున ఉన్నదున్నట్టు చెప్పాల్సింది సేవ చేసే మనిషే. ఏం తినబెట్టాం, ఎన్నేళ్ళుగా ఉంది, ఎక్కడిది, అన్నీ. ఇక్కడ మీ నాలుగో శీలం, మీ భయం ఎదురెదురు పడతాయి. పక్కింటోళ్ళదని, నిన్ననే దొరికిందని డాక్టరుకు అబద్ధం చెబితే వైద్యం తప్పుదారి పడుతుంది.

ఎక్కడిది అన్న ప్రశ్న ఇంకా వెనక్కి తీసుకుపోతుంది. ఎవరో చెట్టెక్కి తొర్రలో చెయ్యి పెట్టి తీసిన పిల్ల అది. తల్లి ఇవ్వలేదు. ఇవ్వనిది తీసుకోకూడదన్నది రెండో శీలం. డబ్బులిచ్చి కొన్నాను కదా అంటారు. అంగుత్తర నికాయంలో ఉపాసకుడు చేయకూడని వ్యాపారాలు ఐదు చెప్పారు. ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. కొనేవాడు లేకుండా ప్రాణుల వ్యాపారం ఎట్లా నడుస్తుంది? దసరాకు పాలపిట్టను పట్టి, బోనులో పెట్టి, దర్శనానికి డబ్బులడగడం మనం చూస్తూనే ఉన్నాం. మన రాష్ట్ర పక్షికే ఆ గతి. ఇక జోస్యం చిలుక రెక్కల సంగతి చెప్పేదేముంది.

కరుణకు, మైత్రికి మధ్య బాబాసాహెబ్ 'బుద్ధుడు – అతని ధమ్మం' గ్రంథంలో ఒక తేడా చూపించారు. కరుణ మనుషుల పట్ల, మైత్రి ప్రాణులన్నిటి పట్ల. బుద్ధుడు కరుణ దగ్గర ఆగకుండా మైత్రి దాకా వెళ్ళాడని వారి వివరణ. దీన్ని రాజ్యం దాకా తీసుకెళ్ళినవాడు అశోకుడు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద, మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని చెప్పే శాసనం ఉంది. ఢిల్లీకి తెచ్చి నిలబెట్టిన తోప్రా స్తంభం మీద ఇంకొకటి ఉంది. పట్టాభిషేకమైన 26 ఏళ్ళకు కొన్ని ప్రాణులను చంపకూడదని ప్రకటించి, ఆ జాబితా రాయించాడు. అందులో మొదటి పేరు చిలుక. కొంచెం కిందికి వస్తే, కడుపుతో ఉన్న, పాలిచ్చే మేకలను, గొర్రెలను, పందులను కూడా చంపరాదని ఉంది. చిలుకను, కడుపుతో ఉన్న తల్లిని ఇరవై రెండు వందల ఏళ్ళకు పైనే ఒకే రాతి మీద కాపాడారు. మన వసారాలో ఈ రెండూ ఒకే పక్షి.

సరే, డాక్టరు సూది వేశారు, గుడ్డు పడింది, పక్షి బతికింది అనుకుందాం. అప్పుడు కొందరికి ఒక్కసారిగా జీవదయ పుట్టుకొస్తుంది. పంజరం తలుపు తీసి, పో తల్లీ అంటారు. ఇది కూడా దగ్గరి శత్రువే. చేతి మీద తిన్న పక్షికి గింజ వెతుక్కోవడం రాదు, పిల్లి అంటే తెలియదు, ఎగిరే బలం లేదు. వదిలింది మన తప్పును, దాన్ని కాదు. అటవీ శాఖకు చెప్పి అప్పగించడమే సరైన దారి. కష్టమే. పిల్లలకు చెప్పడం ఇంకా కష్టం. మహాసుక జాతకం వాళ్ళకు చెప్పొచ్చు. బోధిసత్వుడు చిలుకల రాజుగా ఉన్నప్పుడు, తనను పోషించిన మేడిచెట్టు ఎండిపోయినా వదిలిపోలేదు, దాని పొడి తిని బతికాడు. ఆ చెట్టుకు కమ్మీలు లేవని పిల్లలకు మనం చెప్పక్కర్లేదు, వాళ్ళే అడుగుతారు.

ఇంట్లో ఉన్నవి రామచిలుకలు కాక బజారులో లవ్‌బర్డ్స్ అని అమ్మే చిన్న పక్షులో, కాకటీల్‌లో అయితే చట్టం అడ్డురాదు. గుడ్డు అడ్డం పడడం వాటికీ తరచూ వచ్చే బాధే. ఎండ తగిలే చోట పెట్టండి. ఆకుకూర, మునగాకు వేయండి. సముద్రపు నురుగు ముక్కను కమ్మీకి కట్టండి. చీకటి పడగానే దీపం ఆర్పేయండి. వీపు నిమరకండి, తల మీద మాత్రమే. ఆ దుకాణానికి మళ్ళీ వెళ్ళాలా వద్దా అన్నది మీరు ఆలోచించండి.

ఇంకొక్క మాట, గుడ్ల గురించి. పొదిగేది కాదు కదా అని చాలామంది వెంటనే తీసేస్తారు. తీస్తే అది ఇంకొకటి పెడుతుంది, మళ్ళీ అదే ముప్పు. అందుకని గుడ్డును దాని కిందే ఉండనివ్వండి. అది 23, 24 రోజులు కూర్చుంటుంది. మూత తీయకండి, ఊరికే వెళ్ళి చూడకండి, చుట్టాలకు చూపించకండి. గిన్నెలో నీళ్ళు మార్చి వచ్చేయండి. ఏ పిల్లా రాదని దానికి మెల్లగా తెలుస్తుంది. ఒకరోజు దానంతటదే లేచి పుల్ల మీదికి వస్తుంది. అటవీ శాఖకు ఫోన్ చేయడం మాత్రం మరిచిపోకండి.