అయోగ్యుడెవడు?

ధ్యానభాగము: 1 కొరింథీ. 11:17–34



మన పల్లె సంఘములలో ప్రభురాత్రి భోజనపు ఆదివారమున ఒక సంగతి తరచుగా కనబడును. రొట్టెయు పాత్రయు బల్లమీద సిద్ధపరచగానే కొందరు మెల్లగా లేచి బయటికి పోవుదురు. మరికొందరు వెనుకనే తలవంచుకొని కూర్చుందురు. ఒకసారి అట్లు వెనుక కూర్చున్న ఒక వృద్ధురాలిని ఆరాధనానంతరము, "అవ్వా, బల్లయొద్దకు ఏల రాలేదు?" అని అడిగితిని. "నాట్లు గదయ్యగారూ! పొద్దుపొడవకముందే చేలో దిగి ఇప్పుడే వచ్చాను. వాక్యం కూడా వినలేదు. అయోగ్యంగా తింటే శిక్ష గదా!" అని ఆమె చెప్పెను.

ఆ దినముననే, పొలము గట్టు తగాదాలో మూడేండ్లుగా మాటలు లేని అన్నదమ్ములిద్దరు ఒకే వరుసలో మోకరించి బల్లలో పాలుపొందిరి. వారికి ఏ భయమును కలుగలేదు. కాపరినైన నేనును వారిని ఏమియు అడుగలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అవ్వ వెనుక నుండిపోయెను. అన్నదమ్ములు ముందునకు వచ్చిరి. అయోగ్యుడు అనగా ఎవడు?

ఈ మాట మొదట ఎవరికి, ఏ సందర్భమున వ్రాయబడెనో చూతము. కొరింథు పట్టణమును రోమీయులు క్రీ.పూ. 146లో నాశనము చేసిరి. క్రీ.పూ. 44లో యూలియస్ కైసరు దానిని మరల కట్టించి, దాస్యమునుండి విడుదలైనవారిని అనేకులను అక్కడ కాపురముంచెను. పౌలు ఆ సంఘమునకు ఈ పత్రికను క్రీ.శ. 55 ప్రాంతమున వ్రాసెను. అప్పటికి దేవాలయములు కట్టుకొనలేదు. విశ్వాసులు ఇండ్లలోనే కూడుకొనుచుండిరి. సంఘమంతటికి ఆతిథ్యమిచ్చిన గాయియును, పట్టణపు ఖజానా చూచు ఎరస్తును అక్కడివారని రోమా పత్రిక 16:23 వలన తెలియుచున్నది. వారితో కూడ దాసులును కూలివారును ఆ సంఘములో నుండిరి.

ఆ కాలపు సంపన్నుల ఇండ్లలో భోజనపు గది చిన్నది. మూడు పాన్పులు వేసి సాధారణముగా తొమ్మిదిమంది ఆనుకొని భుజించెడివారు. సంఘమంతయు అందులో పట్టదు. మిగిలినవారు ముంగిటనే కూర్చుండవలసి వచ్చియుండును. పైగా ఆ దినములలో ఆదివారము సెలవు లేదు. కాన్‌స్టంటైను చక్రవర్తి ఆదివారమును విశ్రాంతి దినముగా ప్రకటించినది క్రీ.శ. 321లో మాత్రమే. కాబట్టి యజమానుని పని ముగిసినగాని దాసునికి రాక లేదు. తీరికగలవారు ముందుగా వచ్చి, తమ ఆహారము తాము తిని త్రాగి మత్తులగుచుండిరి. లేనివారు ఆకలితో మిగిలిపోవుచుండిరి. ఇది ప్రభువు భోజనమే కాదని పౌలు గద్దించెను. పేదలను సిగ్గుపరచి దేవుని సంఘమును తిరస్కరించుచున్నారా అని అడిగెను.

ఈ గద్దింపు తరువాతనే "అయోగ్యముగా" అను మాట వచ్చుచున్నది. గమనించుడి: పౌలు ఇక్కడ అయోగ్యుడైన మనిషినిగూర్చి గాక, అయోగ్యముగా తిను విధమునుగూర్చి చెప్పుచున్నాడు. మనలో యోగ్యుడెవడు? యోగ్యులకే బల్లయైతే మొదటి రాత్రియే అది ఖాళీగా నుండవలసినది. పేతురు అక్కడ నుండెను, యూదాయు అక్కడ నుండెను. శరీరమును వివేచింపక తినుటయే తప్పు అని అపొస్తలుడు చెప్పెను. క్రీస్తు మరణమును తేలికగా ఎంచరాదనుట నిజమే. అయితే ఆ శరీరము ఎక్కడ నున్నది? రొట్టె ఒక్కటి గనుక అనేకులమైన మనము ఒక్క శరీరమని అతడు 10వ అధ్యాయములోనే చెప్పియున్నాడు. ప్రక్కవానిలో ఆ శరీరమును చూడలేనివాడు బల్లమీద దానిని చూచెనని ఎట్లు చెప్పగలము? చివరకు పౌలు ఇచ్చిన ఆజ్ఞయు ఎంతో సులభమైనది: ఒకరికొరకు ఒకరు కాచియుండవలెను.

అపొస్తలుల తరువాతి సంఘములును దీనిని మరువలేదు. 'పండ్రెండుగురు అపొస్తలుల బోధ' అను పురాతన గ్రంథపు ప్రతి 1873లో కాన్‌స్టంటినోపులులో దొరికి, 1883లో అచ్చయినది. పొరుగువానితో తగవుగలవాడు సమాధానపడువరకు కూటములో చేరకూడదని అందులో నున్నది. క్రీ.శ. 112 ప్రాంతమున బితూనియ అధిపతియైన ప్లినీ, క్రైస్తవులనుగూర్చి త్రాజాను చక్రవర్తికి వ్రాసెను. ఈ మతము పట్టణములకే గాక పల్లెలకును పొలములకును వ్యాపించెనని అతడు తెలిపెను. నిజము తెలిసికొనుటకై ఇద్దరు దాసీలను హింసింపజేసితిననియు, వారు సంఘములో పరిచారకురాండ్రని పిలువబడుచుండిరనియు వ్రాసెను. లోకము దాసీలని పిలిచినవారికి సంఘమిచ్చిన స్థానము చూడుడి! క్రీ.శ. 155 ప్రాంతమున హతసాక్షియైన జస్టిను రోములో వ్రాసిన విన్నపములో, ఆదివారపు కూటమునకు రాలేనివారికి పరిచారకులు రొట్టెను పాత్రను తీసికొనిపోవుచుండిరని యున్నది. కలిగినవారు తమ ఇష్టముచొప్పున ఇచ్చినదానితో అనాథలను, విధవరాండ్రను, రోగులను, ఖైదీలను, పరదేశులను ఆదరించుచుండిరి.

"అట్లయిన మన సొంత పాపములకు లెక్కలేదా?" అని ఎవరైన అడుగవచ్చును. లెక్క ఉన్నది. తన్ను తాను పరీక్షించుకొనవలెనని పౌలు చెప్పెను. అయితే పరీక్షించుకొని మానుకొనుమని చెప్పలేదు, పరీక్షించుకొని భుజింపుమనెను. పాపము ఒప్పుకొనినవానికి బల్ల మందు. ఒప్పుకొననివానికి, సహోదరుని ఇంటి త్రోవ మొదట చూపవలెను. బలిపీఠమునొద్ద కానుక విడిచి వెళ్లి సమాధానపడుమని మత్తయి 5వ అధ్యాయములో ప్రభువు చెప్పిన క్రమము ఇదియే.

మరి మన సంగతి ఏమి? ఒకే ఊరిలో రెండు పేటల విశ్వాసులు ఒకే ప్రభువునకు మ్రొక్కుచు, ఒకరి ఇంట ఒకరు అన్నము తినని చోట్లు లేవా? పాత కులమును బాప్తిస్మపు నీళ్లలో విడిచితిమని చెప్పుచు, పెండ్లినాడును పాతిపెట్టునాడును దానిని మరల ఎత్తుకొనువారము కామా? ఆస్తిగలవాడు ఆలస్యమైన ఆరాధన ఆపి, కూలి మనిషి ఆలస్యమైన గంట కొట్టుటలేదా? కొరింథు మనకు దూరము కాదు.

తరువాత మేము పెద్దలతో కూడి ఆలోచించి, నాట్ల కాలమున భోజనపు ఆరాధనను సాయంకాలమునకు మార్చితిమి. మంచము పట్టినవారి ఇండ్లకు రొట్టెను పాత్రను తీసికొనిపోవుచున్నాము. ఆ అన్నదమ్ముల ఇండ్లకు వేరువేరుగా వెళ్లి, ఇంతకాలము అడుగకపోవుట నా తప్పని మొదట ఒప్పుకొంటిని. చిన్నవాడు గట్టు మరల కొలిపించుటకు సమ్మతించెను. పెద్దవాడు ఇంకను ఏమియు చెప్పలేదు. ప్రార్థించుచున్నాము.

సాయంకాలపు ఆరాధనకు ఆ అవ్వ వచ్చెను. మడమలకు ఇంకను బురద యున్నది. చేతులు చాచి రొట్టె పుచ్చుకొనెను. ఇయ్యవచ్చిన నా చేతులే ఆ క్షణమున నాకు అయోగ్యముగా తోచెను.

రాబోవు భోజనపు ఆదివారమునకు ముందు మనలో ప్రతివాడును తన్ను తాను ఈ ఒక్క ప్రశ్న అడుగుకొనును గాక: నేను ఎవరికొరకు కాచియుండక తినుచున్నాను?