తాళం ఎవరికి?

సరుకు కాపాడుకునే హక్కు దుకాణదారుకి ఉంది, కాదనం. కానీ అమెరికాలో కొన్ని వాల్‌మార్ట్ దుకాణాల్లో నల్లజాతి స్త్రీల తలనూనెలు, షాంపూలు అద్దాల బీరువాల్లో తాళం వేసి ఉండేవి. మిగతావాళ్లవి అరల్లో చేతికందేవి. 48 సెంట్ల దువ్వెనకి కూడా తాళమేనంటూ 2018లో కాలిఫోర్నియాలో ఒక నల్లజాతి స్త్రీ కోర్టుకెళ్లింది. లెక్కలు చూసే తాళాలు వేస్తామంది సంస్థ. జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత, 2020 జూన్‌లో, ఆ పద్ధతి మానేస్తామని ప్రకటించింది.

లెక్కలు నిజమే అనుకుందాం. లెక్క దొంగతనం గురించి చెబుతుంది. తాళం మాత్రం కొనుక్కునే మనిషితో మాట్లాడుతుంది. దొంగ ఎవరో తెలియదు కనుక, అలాంటి జుట్టున్న ప్రతి స్త్రీ తాళంచెవి కోసం నిలబడాలి. ఎవరో చేసిన తప్పుకి ఒక జాతి ఆడవాళ్లంతా జవాబుదారీ కావాలా? కాపలా తప్పనిసరైతే ఆ భారం అందరూ మోయాలి. అందరూ మోయడానికి ఒప్పుకోని తాళాన్ని కొందరికే వేస్తే, దాని పేరు భద్రత కాదు, వివక్ష.