నొప్పి లేదను మాట

అన్నము తినని బిడ్డతో "సూది వేయింతును, జాగ్రత్త" యనుట మన యిండ్లలో వాడుక. ఆ బిడ్డకే జ్వరము వచ్చి ఆసుపత్రికి గొనిపోయిననాడు "ఏమియు నొప్పి యుండదు, నాయనా" యందుము. నిన్న శిక్షయైన సూది నేడు మేలెట్లయ్యెనో పసివానికి బోధపడదు. అది గ్రుచ్చుకొన్న క్షణమున మన మాట కల్లయని మాత్రము బోధపడును. దయతో నాడినను ఈ యసత్యము తగునా యని మేము విచారింపదలచితిమి.

నల్లమాడవంటి కఱవుసీమ పల్లెనుండి బిడ్డ నెత్తుకొని వచ్చు తల్లికి పోయిన కూలి దిగులు, దారిఖర్చు దిగులు నుండును. సమీపమున పుట్టపర్తిలో 1991 నుండి రుసుము లేకయే గుండెకు శస్త్రచికిత్స చేయు ఆసుపత్రి కలదు. అట్టి సంస్థలు పెద్దల దిగులును కొంత తీర్పగలవు. బిడ్డ భయము వేఱు. వానికి ఖర్చు తెలియదు. క్రొత్త మొగములు, మందుల వాసన, తల్లి చేయి విడిపోవుట, ఇవియే తెలియును. ఈ భయమును తీర్పవలసినవారు నర్సును తల్లియును.

పసివారి నొప్పిని వైద్యులే చాలకాలము లెక్కింపలేదు. నెలలు నిండక పుట్టిన శిశువులకు శస్త్రచికిత్సవేళ చాలినంత నొప్పిమందు ఈయకుండుట ఒకప్పుడు సామాన్యము. అట్టి మందు చేర్చి యిచ్చినచో దేహక్షోభ తగ్గునని 1987లో ఆనంద్ అను వైద్యుడును ఆయన సహచరులును చూపిరి. నోరులేనివారి బాధను లేదనుకొనుట మనకు సులభము.

టీకాల నొప్పినిగూర్చి 2015లో ప్రపంచ ఆరోగ్యసంస్థ చేసిన సూచనలలో ఖర్చులేనివి పెక్కులు: చంటిబిడ్డకు పాలిచ్చుచుండగా సూది వేయుట, పడుకోబెట్టి అదిమిపట్టక తల్లి యెత్తుకొనియుండనిచ్చుట, బూటకపు టోదార్పులు మానుట. "కొంచెము నొప్పి యుండును, ఏడ్చినను తప్పులేదు, అమ్మ యిక్కడనే యుండును" అనిన చాలునని మా యభిప్రాయము.

నిజము చెప్పిన బిడ్డ మఱింత యేడ్చునని కొందఱందురు. ఏడ్చునేమో. కాని చికిత్స ఒక్క సూదితో ముగియదు. రేపు కట్టు మార్పవలెను, ఎల్లుండి రక్తము తీయవలెను. మోసపోయిన బిడ్డ చేయి దాచుకొనును. నమ్మిన బిడ్డ, ఏడ్చుచునైనను, చేయి చాపును.

పెక్కు మంచములకు నర్సొక్కతెయే యుండ, ఇంత తీరిక యెక్కడిదని అడుగవచ్చును. ఈ ప్రశ్న న్యాయమైనది. దీనికి జవాబు చెప్పవలసినది ఆమె కాదు. చాలినంతమందిని నియమింపవలసిన ప్రభుత్వమును, నియమింపుమని అడుగవలసిన మనమును.

ఇంటిలో మాత్రము మన పని నేడే ఆరంభింపవచ్చును. సూది పేరు చెప్పి బిడ్డను బెదరింపకుందము.