మురుగుకాలువయు కాయకధర్మమును

కాయకములలో ఎక్కువతక్కువలు లేవని బసవేశ్వరుడు బోధించెను. బట్టలుతికిన మడివాళ మాచయ్యయు, త్రాళ్ళు పేనిన నులియ చందయ్యయు శరణులలో పూజ్యులైరి. ఈ మాట వేదికలపై సగర్వముగా వినబడుచుండును. అయితే మురుగుగోతిలోనికి దిగువానితో “నీదియు కాయకమే” యని పలికి ఊరకుండుట ధర్మమగునా?

కాయకమను పదములోనే కాయము కలదు. దేహమును దేవాలయముగా భావించిన మార్గమున, దేహమును బలిగొను పని కాయకమెట్లగును? మురుగున పుట్టు హైడ్రోజన్ సల్ఫైడు వాయువునకు కుళ్ళిన గ్రుడ్డు వాసన యుండును. అది మిక్కుటమైనచో ముక్కునకు వాసన తెలియు శక్తియే నశించును. వాసన లేదని నమ్మి దిగినవాడు క్షణములలో కూలును. వానిని రక్షింప దిగిన తోటివాడును తరచుగా అట్లే మరణించును.

1908లో మూసీ వరద హైదరాబాదును ముంచిన పిమ్మట విశ్వేశ్వరయ్యగారు జలాశయములతోబాటు మురుగునీటి పథకమును గూడ రూపొందించిరి. వారి కీర్తి నిలిచినది, నిలువదగినదే. ఆ కాలువలను నేటివరకు పారించినవారి పేర్లు మాత్రము ఎవ్వరెరుగుదురు?

రక్షణ సాధనములు లేక మనుష్యుని మురుగులోనికి దింపుటను 2013 నాటి చట్టము నిషేధించినది. మరణించినవారి కుటుంబమునకు పది లక్షల రూపాయలీయవలెనని 2014లో ఆదేశించిన సుప్రీంకోర్టు, 2023లో దానిని ముప్పది లక్షలు చేసినది. పరిహారము పెరిగినదనగా చావులు ఆగలేదనియే గదా! కోలారు బంగారు గనుల ప్రాంతమున తెలుగు కుటుంబమున జన్మించిన బెజవాడ విల్సన్ ఈ దుస్థితిపై దశాబ్దములుగా పోరాడి 2016లో మెగసెసే పురస్కారము నందెను.

ఇప్పుడు ఇరుకు సందులలో దూరు జెట్టింగు యంత్రములు వచ్చినవి. సంతోషమే. కాని యంత్రమును నడపుటకును, శుద్ధి కేంద్రమున పంపులను చూచుటకును, నీటిని పరీక్షించుటకును నేర్పరులు కావలెను. ఆ విద్య ఎవరికి నేర్పుదురు? ఏ గొట్టము ఎక్కడ వంగునో, ఏ వానకు ఏ వీధి మునుగునో చేతులతో నెరిగినవాడు గుత్తేదారు క్రింద దినకూలీగానే మిగిలి, చదివినవాని కొడుకు యంత్రము నెక్కినచో వీని ఆకలి తీరదు. పని గౌరవప్రదమై జీతము పెరిగిన తరువాతనైనను ఇతర కులములవారు దానిలో చేరుదురా? మాచయ్య తన వృత్తిని వ్రతముగా చేపట్టెను. వీనికి పుట్టుకయు పేదరికమును అంటగట్టినవి.

ఇక వానకాలువల సంగతి. జాతర ముగిసిన మరునాడు విస్తళ్ళును, ప్లాస్టిక్ సంచులును ఎందులోనికి నెట్టబడుచున్నవో మఠముల వారెరుగనిది కాదు. దాసోహమునకు వంటవారిని నియమించునపుడే ఎంగిలాకులకు గుంత త్రవ్వించి, సంచులను వేరుగా కట్టించుట పెద్ద వ్యయము కాదు.