ఇచ్చిన పెన్ను ఎవరిది?

నాన్న పోయాక ఇంట్లో ఒక నాగలి మేడి మిగిలింది. నల్లతుమ్మ కర్ర. కౌలు పొలాల్లో ఏళ్ల తరబడి ఆయన చెయ్యి పట్టీ పట్టీ నున్నబడిపోయింది. అమ్మది చిల్లుపడ్డ ఇత్తడి చెంబు ఒకటి ఉంది. ఈ రెంటితో ఒక పెన్ను చేసి, మా పేట నుంచి మొదటిసారి యూనివర్సిటీకి వెళ్తున్న అమ్మాయికి ఇద్దామనుకున్నాను.

చెప్పినంత తేలిక కాదు. మేడిని బిళ్లలుగా కోసి, బిళ్లకీ బిళ్లకీ మధ్య ఇత్తడి రేకు పెట్టి అతికించాలి. ఒక రోజంతా బిగించి ఉంచాలి. తర్వాత నడిమధ్య బెజ్జం వేసి, సన్న గొట్టం దించి, లేతు మీద గుండ్రంగా తీయాలి. విజయవాడ ఆటోనగర్‌లో లేతు పనిచేసే తమ్ముడొకడు నేర్పించాడు. మొదటిది ముక్కలై ఎగిరిపోయింది. తొందరపడితే రేకు వేడెక్కి జిగురు మెత్తబడుతుందట. "అన్నా, కర్ర వానకి ఉబ్బుద్ది, ఇత్తడి ఎండకి సాగుద్ది. రెండిటికీ పడదు, నువ్వే సర్దిచెప్పాలి" అన్నాడు. మూడోది నిలబడింది. ఉప్పుకాగితంతో రుద్ది, క్యాప్ మీద నా పేరులో మొదటి అక్షరం చెక్కాను.

ఆరు నెలల తర్వాత ఆ అమ్మాయి కనబడితే పెన్ను సంగతి అడిగాను. "పరీక్షలో పక్క పిల్లాడిది రాయకపోతే ఇచ్చేశాను బాబాయ్, మళ్లీ అడగలేదు" అంది. నవ్వాను గానీ లోపల చురుక్కుమంది. అది మా నాన్న మేడి కదా!

దానం తన చేత్తో ఇవ్వాలన్నాడు బుద్ధుడు. ఇవ్వకముందు సంతోషం, ఇచ్చేటప్పుడు ప్రసన్నత, ఇచ్చాక తృప్తి ఉండాలన్నాడు. మొదటి రెండూ నాకు దండిగా ఉన్నాయి. మూడోది ఆ ఒక్క మాటతో పోయింది. దానం, ఉపాదానం అన్న మాటలు వినడానికి ఎంత దగ్గరో! ఒకటి ఇవ్వడం, రెండోది పట్టుకు వేలాడడం. ఇరుసు రథమా, చక్రం రథమా అని నాగసేనుడు మిళిందరాజును అడిగాడు. నా పెన్ను విప్పితే ఏ బిళ్లలో నాన్న దొరుకుతాడు?

మరి ఆ అక్షరం ఎందుకు చెక్కినట్టు? రాజమండ్రిలో కె.వి. రత్నం గారు స్వదేశీ పెన్ను చేసి కుమారప్ప ద్వారా గాంధీకి పంపితే, వాడి చూశాను, బాగుందంటూ 1935లో జవాబు వచ్చింది. (గాంధీతో మనకున్న పేచీ వేరే సంగతి.) నేనూ అలాంటి ఉత్తరం కోసమే ఎదురుచూశానేమో.

అలాగని పేరు చెక్కడమే తప్పని అనలేను. అమరావతి స్తూపానికి విధికుడనే చర్మకారుడు కుటుంబంతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చాడు. తన వృత్తి, తండ్రి పేరు, అన్నీ రాతి మీద వేయించాడు. అలాంటి శాసనాల్లో కానుకను దేయధమ్మం అంటారు, ఇవ్వదగినది అని. ఆ పేరు లేకపోతే రెండు వేల ఏళ్ల కింద ఒక తోలుపనివాడు అక్కడ నిలబడ్డాడని మనకెలా తెలిసేది? మనుషులుగా లెక్కలోకి రానివాళ్లకు పేరు అహంకారం కాదు, సాక్ష్యం. అయితే విధికుడు ఆ పలకను స్తూపానికి ఇచ్చేశాడు, ఇంటికి తెచ్చుకోలేదు. ఎవరు దండం పెట్టారో, ఎవరు ఆనుకుని కూర్చున్నారో ఆయన లెక్క చూసుకోలేదనే నా ఊహ.

ఆ పిల్లాడెవరో నాకు తెలియదు. పరీక్ష మాత్రం రాశాడు. మా నాన్నకి సంతకం రాదు, వేలిముద్రే. ఆయన పట్టిన కర్రతో ఎవరో మూడు గంటలు కూర్చుని రాశారు.

మేడిలో జానెడు ముక్క ఇంకా ఉంది. చెంబు అడుగు కూడా ఉంది. ఆదివారం ఆటోనగర్ వెళ్లాలి. ఈసారి అక్షరం చెక్కాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు.