బిడ్డను పెంచడానికి ఎంత తెలివి కావాలి?

పుట్టుగుడ్డికీ, చెవిటివాడికీ, పిచ్చివాడికీ, జడుడికీ ఆస్తిలో వాటా లేదంటుంది మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం. ఆ వెంటనే, బతికినంతకాలం వాళ్లకి తిండీ బట్టా చూడమంటుంది. వాళ్లు పెళ్లాడితే పుట్టిన బిడ్డలకి వాటా ఇమ్మంటుంది. ఆస్తి దగ్గర అడ్డం తిరిగిన ధర్మశాస్త్రం, బిడ్డ దగ్గర తిరగలేదు. ఆస్తికున్న ఆ అడ్డు కూడా 1956 హిందూ వారసత్వ చట్టంతో పూర్తిగా పోయింది.

మన కాలపు చట్టం మాటేమిటి? బుద్ధిమాంద్యం ఉన్న తల్లిదండ్రుల బిడ్డనూ, అత్యాచార బాధితురాలు వద్దనుకున్న బిడ్డనూ 2015 బాలల న్యాయ చట్టం 38(3) ఒకే గాటన కట్టింది. శిశు సంక్షేమ కమిటీ ఆ బిడ్డల్ని దత్తతకి అర్హులుగా ప్రకటించవచ్చట. బాధితురాలి విషయంలో ‘వద్దనుకున్న’ అనే షరతైనా ఉంది. మొదటివాళ్లకి అదీ లేదు! బిడ్డకి నిజంగా ఆపద ఉంటే జోక్యం చేసుకోవడానికి అదే చట్టంలో వేరే నిబంధన ఉండనే ఉంది. తల్లిదండ్రుల వైకల్యం పేరుతో బిడ్డను విడదీయరాదన్న ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని భారత్ 2007లోనే ఆమోదించింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం మాత్రం బిడ్డ వైకల్యం గురించి చెప్పి, తల్లిదండ్రుల సంగతి వదిలేసింది.

సుప్రీంకోర్టుకి ఈ ప్రశ్న 2009లో ఎదురైంది. చండీగఢ్ ప్రభుత్వ వసతిలో ఉన్న ఒక యువతి అత్యాచారానికి గురై గర్భవతి అయింది. ఆమె మానసిక వయసు తొమ్మిదేళ్లన్నారు నిపుణులు. అయినా ఆమె బిడ్డ కావాలంది. గర్భస్రావం చేయించమని హైకోర్టు ఆదేశిస్తే, సుప్రీంకోర్టు ఆపింది. తేలికపాటి బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లు మంచి తల్లిదండ్రులు కాగలరంది. తల్లీబిడ్డల బాగోగులు చూస్తామని, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల సంక్షేమం చూసే నేషనల్ ట్రస్ట్ ముందుకొచ్చింది. అసలు కిటుకంతా ఈ చివరి మాటలోనే ఉంది.

అలా తోడు నిలిచే ఏర్పాటుని అండమాన్ నికోబార్ దీవుల్లో ఒకటైన కార్ నికోబార్‌లో తుహేత్ అంటారు. అనేక కుటుంబాలు కలిసిన పెద్ద ఉమ్మడి వ్యవస్థ అది. కొబ్బరితోటలు, నేల అందరివీ. అక్కడ బిడ్డ భారం ఒక్క తల్లి నెత్తిన పడదు. 2004 సునామీ తర్వాత సాయాన్నీ ఇళ్లనూ విడివిడి కుటుంబాల లెక్కన పంచడంతో ఆ అల్లిక వదులైంది.

ఈ అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో, 2011 లెక్కల ప్రకారం, దాదాపు 13 శాతం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు. శ్రీకాకుళం, విశాఖల నుంచి వలసెళ్లిన కుటుంబాలకి అమ్మమ్మా మేనత్తా సముద్రానికి అవతలే ఉండిపోవచ్చు. విశాఖ నుంచి ఓడ ప్రయాణమే రెండు మూడు రోజులు. బుద్ధిమాంద్యం ఉన్న జంట శ్రీ విజయపురంలో (ఒకప్పటి పోర్ట్ బ్లెయిర్) కమిటీ ముందు నిలబడితే, తెలివి కొలిచేముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. బిడ్డకి జ్వరమొస్తే ఆసుపత్రికి ఎవరు తోడొస్తారు? మందు ఏ వేళకి ఎంత పట్టాలో ఎవరు గుర్తుచేస్తారు? వీటిని అడగమని 38(3) ఎక్కడా చెప్పదు.